రంగం ఎంత దూరం

విశాఖపట్నంలో కంచరపాలెం సమీపాన బర్మా క్యాంపు అనే పేట ఒకటి ఉన్నది. ఇప్పుడది పేరుకు మాత్రమే క్యాంపు. పక్కా ఇళ్ళు, మేడలు, వీధి దీపాలు, మోటారు వాహనాల రద్దీ వచ్చి అది నగరంలో కలిసిపోయి చాలా కాలమయింది. ఆ పేటలోని ఒక ఇంటి వరండాలో 2019 వర్షాకాలపు సాయంకాలం ఒకనాడు డెబ్బైకి చేరువవుతున్న ఒక వృద్ధురాలు తన మనుమణ్ణి ఒక ప్రశ్న అడిగింది.

"రంగం ఎంత దూరం ఉంటాదిరా బాబూ?"

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర తీరంలో, గోదావరి జిల్లాల్లో మూడు నాలుగు తరాల వారికి ఆ నగరం పేరు అదే. 1989లో అక్కడి ప్రభుత్వం దానిని యాంగోన్ అని మార్చింది. ఆ మార్పు ఈ వరండాల దాకా రాలేదు. ఆమె రంగంలోనే పుట్టింది. పదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఓడ దిగి ఈ పేటకు వచ్చింది. ఆమె అప్ప, అనగా తోడబుట్టిన పెద్దది, అప్పటికే పెళ్ళయి అత్తవారితో మౌల్మీన్‌లో ఉండిపోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ చివరిసారి ఒకరినొకరు చూసుకున్నది 1965లో.

మనుమడు చేతిలోని ఫోనులో చూసి లెక్క చెప్పాడు. విశాఖపట్నం విమానాశ్రయం నుంచి రంగూన్ విమానాశ్రయానికి ఆకాశ మార్గాన సరళరేఖలో దూరం సుమారు 1,370 కిలోమీటర్లు. పెద్దామెకు కిలోమీటర్లు అర్థం కావని తలచి, పోలిక కోసం మరో లెక్క తీశాడు. విశాఖపట్నం నుంచి ఢిల్లీకి అదే సరళరేఖలో సుమారు 1,360 కిలోమీటర్లు. రెండింటి మధ్య తేడా ఇరవై కిలోమీటర్లయినా లేదు.

"ఢిల్లీ ఎంత దూరమో రంగం కూడా అంతే అమ్మమ్మా."

"మరయితే ఢిల్లీకి రోజూ ఇమానాలు ఎల్తన్నాయి కదేటి?"

ఆ ప్రశ్నకు ఫోనులో సమాధానం లేదు. ఢిల్లీకి రెండుంబావు గంటల ప్రయాణం. తెల్లవారి బయలుదేరినవాడు మధ్యాహ్నం సచివాలయంలో పని చూసుకొని రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. అంతే దూరంలో తూర్పున ఉన్న నగరానికి విశాఖపట్నం నుంచి నేరుగా విమానం లేదు. ముందు కోల్‌కతా వెళ్ళాలి. అది ఈశాన్యంగా 770 కిలోమీటర్లు. అక్కడినుంచి తిరిగి ఆగ్నేయంగా దిగి రంగూన్‌కు మరో 1,030. గాలిలో గడిపేది మూడుంబావు గంటలే కావచ్చును గాని, రెండో విమానం కోసం నిరీక్షణ, సామాను, తనిఖీలు కలుపుకుంటే ఒక పగలు పూర్తిగా పోతుంది. రంగూన్ విమానం లేని రోజయితే ఒక రాత్రి కూడా. 2024లో విశాఖపట్నం నుంచి బాంకాక్‌కు నేరుగా విమానం మొదలయినప్పుడు ఇంకొక వింత దారి ఏర్పడింది. విమానం బంగాళాఖాతం దాటి, దక్షిణ బర్మా మీదుగానే బాంకాక్ చేరుతుంది. రంగూన్ వెళ్ళవలసినవాడు అక్కడ దిగి వెనక్కు, పడమటికి, ఆరు వందల కిలోమీటర్ల దాకా మళ్ళీ ఎగరాలి. తన గమ్యాన్ని కిటికీలోంచి దాటిపోయి, తిరిగి దాని దగ్గరకు రావడమన్నమాట.

భూగోళం మీద రెండు నగరాల మధ్య దూరం మారదు. ప్రయాణకాలం మాత్రం మారుతూ ఉంటుంది. అది యంత్రాల వేగం పెరిగిన కొద్దీ క్రమంగా తగ్గుతూ వస్తుందని సాధారణంగా అనుకుంటాము. విశాఖపట్నం, రంగూన్‌ల మధ్య అలా జరగలేదు. ఎవరికి ఎవరితో అవసరమున్నదో అన్నదాన్ని బట్టి అది ఒకసారి తగ్గింది, ఒకసారి పెరిగింది, మధ్యలో కొంతకాలం అసలు లేకుండా పోయింది. పెద్దామె తండ్రి ఒక్క జీవితంలో ఆ దూరాన్ని నాలుగుసార్లు దాటాడు. నాలుగుసార్లలో మూడుసార్లు ఓడ మీద, ఒకసారి కాలినడకన.

మొదటిసారి 1934లో. పద్దెనిమిదేళ్ళ వాడు. భీమునిపట్నం పరిసరాల్లోని పల్లె. మేస్త్రీ ఒకడు వచ్చి ఇంటికి ముందస్తుగా కొంత సొమ్మిచ్చి, ఆ సొమ్ముతో పాటు కుర్రవాణ్ణి కూడా రాసుకున్నాడు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 1852 నాటి రెండో యుద్ధంలో దిగువ బర్మా బ్రిటిషు వారి వశమయింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నది. ఐరావతి డెల్టాలోని అడవులు వరిచేలయినాయి. కోతకు, మిల్లుకు, రేవుకు మనుషులు కావలసి వచ్చారు. ఎదురుగా ఉన్న తీరం తెలుగు తీరం. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల నుంచి ఓడలు బయలుదేరేవి. అంతకు ముందు తరాల నాడు ఈ రాకపోకలకు ప్రసిద్ధి కెక్కిన రేవు కోరంగి. 1839 నవంబరు తుపానులో ఆ రేవు నాశనమయినా, దాని పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది. బర్మాలో తెలుగు కూలీని ఏ ఊరివాడైనా 'కోరంగీ' అనే పిలిచారు. మునిగిపోయిన రేవు పేరు ఎదుటి తీరంలో ఒక జాతి పేరుగా బ్రతకడం చరిత్రలో అరుదైన సంగతే.

విశాఖపట్నంలో లోపలి రేవు తయారు కాకముందు ఓడ తీరానికి దూరంగా లంగరు వేసేది. కుట్టుపని మసూలా పడవల్లో కెరటాల మీదుగా మనుషులను చేర్చి, పైకి ఎక్కించేవారు. కొత్త రేవులోకి మొట్టమొదట వచ్చిన ఓడ సింధియా కంపెనీ వారి 'జలదుర్గ'. 1933 అక్టోబరు 7న వచ్చిన అది సరుకుల ఓడ కాదు, ప్రయాణికుల ఓడ. మరుసటి సంవత్సరం బయలుదేరిన ఈ కుర్రవాడికి ఆ మసూలా పడవ బాధ తప్పింది. డెక్కు మీద చాప పరుచుకునే బాధ తప్పలేదు. నెగ్రాయిస్ అగ్రం చుట్టి రంగూన్ నదిలో ప్రవేశించేసరికి ఎనిమిది వందల నాటికల్ మైళ్ళకు దగ్గర. గంటకు పది మైళ్ళు నడిచే ఓడకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు దాటుతుంది. డెక్కు ప్రయాణికుల దుస్థితి ఎటువంటిదో 1915లో కలకత్తా నుంచి రంగూన్‌కు అలాగే వెళ్ళిన గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన మిత్రుడు డాక్టరు ప్రాణజీవన్ మెహతా నివాసం రంగూన్‌లోనే. ఆయన వంటివారు కోరి ఎక్కిన డెక్కు మీద మన కోస్తా కూలీలు గత్యంతరం లేక ఎక్కారు.

అయినా ఆ మూడు రోజులు ఎక్కువ కాలమని ఎవరూ అనుకోలేదు. ఆ రోజుల్లో విశాఖపట్నం నుంచి ఢిల్లీకి రైలులో పోవడం కూడా సామాన్యుడి ఊహకు అందేది కాదు. రంగం అలా కాదు. పక్కింటివాడు వెళ్ళాడు, మేనమామ వెళ్ళాడు, వచ్చి పెంకుటిల్లు కట్టాడు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైచిలుకు. వారిలో తెలుగువారు లక్షన్నరకు తగ్గరు. నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. 1920 ప్రాంతాల్లో వలస వచ్చేవారి సంఖ్యలో రంగూన్ రేవు న్యూయార్కుతో పోటీ పడిందని చరిత్రకారులు రాశారు. రేవులో బస్తాలు మోసినవారు, వడ్ల మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షా లాగినవారు, వీధులు ఊడ్చినవారు అధిక భాగం ఈ తీరం వారే. 'రంగూన్ రౌడీ' అన్న పేరుతో తెలుగు రంగస్థలం మీద ఒక నాటకం ఊరూరా ఆడిందంటే, ఆ నగరం మన ఊహలో ఎంత దగ్గరగా ఉండేదో తెలుస్తుంది.

ఆ దగ్గరతనాన్ని తలచుకొని మురిసిపోవడానికి మాత్రం చరిత్ర అంతగా ఒప్పుకోదు. రెండు తీరాలను దగ్గర చేసింది స్నేహం కాదు, బియ్యం. బర్మా రైతు భూములు అప్పుల కింద చెట్టియార్ల చేతుల్లోకి పోయినాయి; బర్మా యువకుడికి తన రాజధానిలోనే పని దొరకలేదు. 1930 మే 5న పెగూ భూకంపం రంగూన్‌ను కుదిపింది. అదే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి పనికి రాగానే బర్మా వారిని పొమ్మన్నాయి. మే 26న మొదలయిన అల్లర్లలో కోరంగీలు వీధుల్లో చంపబడ్డారు. తక్కువ కూలికి ఎవరు దొరికితే వారిని పిలిచి, అక్కర తీరగానే పంపించిన వారికి ఏమీ కాలేదు. ఒకే బస్తా కింద నడుము వంచిన ఇద్దరు పేదలు ఒకరినొకరు పొడుచుకున్నారు. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. నడుమ 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి వేరయింది. ఆ రోజున ఓడల వేగం తగ్గలేదు, సముద్రం వెడల్పు పెరగలేదు. కాని అంతవరకు ఒకే పాలనలో ఒక రేవు నుంచి మరో రేవుకు సాగిన ప్రయాణం ఒక దేశం నుంచి మరో దేశానికి ప్రయాణమయింది.

అదే దశకంలో ఆకాశం కూడా తెరుచుకున్నది. డచ్చివారి విమానాలు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బటావియాకు, బ్రిటిషు ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు లండన్ నుంచి సింగపూరుకు కలకత్తా, రంగూన్‌ల మీదుగా ఎగిరేవి. ఇంపీరియల్ వారి దారి 1933లో రంగూన్ చేరింది. మూడు రోజుల సముద్రం పై నుంచి కొద్ది గంటల్లో దాటిపోయే ఆ విమానాలను మిల్లు ముంగిట నిలబడి చూసినవారిలో ఈ భీమునిపట్నం యువకుడు కూడా ఉండి ఉండవచ్చు. అతనికి వాటితో నిమిత్తం లేదు.

రెండో ప్రయాణం 1942లో. జపాను విమానాలు 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేసేవారు పారిపోయారు. వెళ్ళడానికి ఓడలు చాలలేదు. ఉన్న ఓడల్లో చోటు పేదవాడికి దొరకలేదు. 1942 మార్చి 8న నగరం జపాను వశమయింది. అతడు ఫిబ్రవరిలోనే ఊరివాళ్ళు మరి ఆరుగురితో కలిసి బయలుదేరాడు. ప్రోమ్ దాకా వచ్చి, ఐరావతి దాటి, అరకాన్ కొండల్లో తౌంగుప్ కనుమ గుండా సముద్రపు అంచుకు చేరి, అక్కడినుంచి పడవల్లో అక్యాబ్‌కు, తరువాత చిట్టగాంగ్‌కు. ఆ కనుమలో నీరు లేదు, కలరా ఉన్నది. మరికొందరు మాండలే మీదుగా చింద్విన్ నది దాటి తము, ఇంఫాల్ దారి పట్టారు. అక్కడ తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి వేరుచేసి చూపించారు. నాలుగైదు లక్షలమంది ఆ విధంగా నడిచి ఉంటారని అంచనా. దారిలో రాలిపోయినవారు పదివేల నుంచి యాభై వేల వరకని భిన్న లెక్కలున్నాయి. చనిపోయినవారిని లెక్కించే తీరిక ఆనాడు ఎవరికీ లేదు గనుక ఆ తేడా ఎప్పటికీ తీరదు.

ఫిబ్రవరిలో బయలుదేరినవాడు మే నెలలో వాల్తేరు స్టేషనులో దిగాడు. ఏడుగురిలో దిగినవారు నలుగురు. మూడు రోజుల దారికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల గురించి ఆయన ఇంట్లో ఏనాడూ పూర్తిగా చెప్పలేదని కూతురు అంటుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడు విస్తరి పక్కన నీళ్ళ చెంబు నిండుగా లేకపోతే మాత్రం ముద్ద ఎత్తేవాడు కాదట. గుఱ్ఱం జాషువా 'కాందిశీకుడు' కావ్యానికి వస్తువైనది ఇటువంటి బర్మా శరణార్థే. ఆ కావ్యం వచ్చిన తరువాత 'కాందిశీకుడు' అన్న మాట నిఘంటువు దాటి ప్రభుత్వ దస్త్రాల్లోకి, పేటల పేర్లలోకి కూడా ప్రవేశించింది.

ఇంత చూసినవాడు మళ్ళీ ఎందుకు వెళ్ళాడు? 1946 చివర అతడు భార్యను కూడా వెంటబెట్టుకొని మూడోసారి ఓడ ఎక్కాడు. పల్లెలో భూమి లేదు. మిల్లులో పని తెలుసు. యుద్ధానికి ముందు అక్కడ ఉన్నవారిని తిరిగి రానిస్తున్నారు. ఇందులో మర్మమేమీ లేదు. అయితే కూతురు ఇంకొక మాట కూడా చెబుతుంది: "మా అయ్యకి ఆ ఊరంటే ఇష్టం." చరిత్రకారులు వలసకు కారణాలు రాసేటప్పుడు ఈ కారణం రాయరు. సాయంకాలం నది మీద గాలి, పగోడాల దీపాలు, చౌకగా దొరికే మంచి బియ్యం, కులం పేరు అడగని పనివాళ్ళ బారకాసు. మనిషికి ఒక ఊరు నచ్చడానికి ఇంతకంటె ఏమి కావాలి?

పెద్ద కూతురు 1948లో రంగూన్‌లో పుట్టింది. ఆ ఏడాది జనవరి 4ననే బర్మా స్వతంత్రమయింది. చిన్న కూతురు 1955లో. ఆ సంవత్సరాల్లో రంగూన్‌లోని మింగలదోన్ విమానాశ్రయం ఆగ్నేయాసియాలో పేరున్నవాటిలో ఒకటి. తూర్పు పడమరల విమానాలు అక్కడ ఆగి పోయేవి. బాంకాక్, సింగపూర్ విమానాశ్రయాలకు నేడున్న వైభవం అప్పటికి లేదు. ఆ దశలో ఎవరైనా ఒక అధికారి పటం ముందు కూర్చొని, యాభై ఏళ్ళ తరువాత విశాఖపట్నం నుంచి రంగూన్‌కు ప్రయాణ కాలమెంత ఉంటుందని అంచనా వేసి ఉంటే, 'రెండు గంటలు' అని నిస్సంకోచంగా రాసి ఉండేవాడు. గణితం ప్రకారం ఆ అంచనా తప్పుకాదు.

1962 మార్చి 2న సైన్యం అధికారం చేపట్టింది. దుకాణాలు, మిల్లులు, వ్యాపార సంస్థలు జాతీయమయ్యాయి. 1964 మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. భారతీయుల్లో చిల్లర వర్తకులు, చిరుద్యోగులు, కూలీలు లక్షకు పైగా కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. భారత ప్రభుత్వం వారి కోసం ఓడలు నడిపింది. తండ్రి నాలుగో ప్రయాణం అదే, 1965లో. పెద్ద కూతురికి అంతకు ముందు ఏడాదే మౌల్మీన్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో పెళ్ళయింది. అల్లుడికి బర్మా పౌరసత్వం ఉన్నది. ఆమె ఓడరేవు దాకా వచ్చి సాగనంపింది. పదేళ్ళ చెల్లెలి చెవులకున్న చిన్న కమ్మలు తనిఖీలో పోతాయని తీసి తన దగ్గర ఉంచుకొని, "మళ్ళీ వచ్చినప్పుడు ఇస్తాను" అన్నది. ఓడ నాలుగు రోజులకు విశాఖపట్నం చేరింది. తండ్రి తరువాత మరి ఇరవై ఏళ్ళు బ్రతికాడు గాని ఐదోసారి దాటలేదు.

ఉత్తరాలు వచ్చేవి. నెలకు, రెండు నెలలకు, కొన్నిసార్లు విప్పి మళ్ళీ అతికించినట్టు. తరువాత అవీ పలచబడ్డాయి. అప్ప తెలుగు రాత మరిచిపోయింది. ఆమె పిల్లలకు ఆ లిపి తెలియదు. 2014 వరకు ఆ దేశంలో ఒక సిమ్ కార్డు ధర సామాన్యుడికి అందని వందల డాలర్లలో ఉండేది. ఆ సంవత్సరం విదేశీ కంపెనీలు వచ్చి దానిని ఒకటిన్నర డాలరుకు దించాయి. 2016లో ఒక రాత్రి బర్మా క్యాంపులోని ఇంట్లో ఫోను మోగింది. యాభై ఒక్క ఏళ్ళ తరువాత అప్ప గొంతు. ఆ తరువాత ముఖం కూడా కనబడసాగింది. మాట చేరడానికి ఇప్పుడు లిప్తపాటు. మనిషి చేరడానికి మాత్రం ఒక పగలూ, ఒక రాత్రీ, అది కూడా అన్నీ అనుకూలిస్తేనే.

ఫోనులో అక్కచెల్లెళ్ళు మొదట అడుగుకునేది గంట ఎంతయిందని. అక్కడి గడియారం ఇక్కడికంటె సరిగ్గా ఒక గంట ముందు. ఈ ఒక గంట వెనుక ఒక చిత్రమైన భూగోళ సత్యమున్నది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడకు చేరువగా పోతుంది. బర్మా ప్రామాణిక కాలానికి ఆధారం 97 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం. అది పోయేది మౌల్మీన్ పక్కనుంచి. కోరంగీలు ఓడ ఎక్కిన తీరాన ఒక దేశపు గడియారం, వారు స్థిరపడిన తీరాన మరో దేశపు గడియారం కట్టబడి ఉన్నాయి. ఎవరూ ఉద్దేశించి చేసినది కాదు. అందువల్ల కోల్‌కతా నుంచి తూర్పుకు ఎగిరేవాడి గడియారంలో ఒక గంట ఖర్చవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆ గంట వాపసు వస్తుంది. రంగూన్‌లో పది గంటలకు బయలుదేరినవాడు పదకొండు కాకముందే కోల్‌కతాలో దిగుతాడు.

2019లో మనుమడు లెక్క చెప్పిన సాయంకాలం తరువాత పెద్దామె ప్రయాణానికి నిశ్చయించుకున్నది. అప్పకు గుండెజబ్బు, తనకు మోకాళ్ళ నొప్పులు, ఆలస్యం చేయదగిన వ్యవహారం కాదు. పాస్‌పోర్టు దరఖాస్తులో జన్మస్థలం అన్న గడిలో మనుమడు 'రంగూన్' అని రాశాడు. అక్కడినుంచి కష్టం మొదలయింది. పుట్టిన సర్టిఫికెట్ లేదు. ఓటరు కార్డులో పుట్టిన ఊరు ఉండదు. ఎదుట కూర్చున్న యువ ఉద్యోగి తప్పు పట్టవలసినవాడు కాడు; అతడి కంప్యూటరులో ఆ నగరానికి వేరే పేరున్నది, అతడు పుట్టేనాటికే ఆ పేరు మారింది. పోయి రమ్మన్నారు, మళ్ళీ రమ్మన్నారు. చివరికి ఇనుప పెట్టె అడుగున తండ్రి దాచిన ప్రయాణ పత్రం దొరికింది. రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయం 1965లో ఇచ్చినది. కుటుంబపు ఫోటోలో తల్లి కొంగు పట్టుకొని నిలబడిన పదేళ్ళ పిల్ల. ఆ కాగితం మీద సంతకం చేసిన అధికారి ఎవరో గాని, తన చేతిరాత యాభై నాలుగేళ్ళ తరువాత ఒక ముసలమ్మను ఆమె అని నిరూపిస్తుందని అనుకొని ఉండడు. దస్త్రాలు రాసేవారు ఇటువంటివి కొన్ని గుర్తుంచుకోవడం మంచిది.

2020 జనవరిలో పాస్‌పోర్టు వచ్చింది. ఏప్రిల్‌లో ప్రయాణం అనుకున్నారు. మార్చిలో మహమ్మారి వల్ల అంతర్జాతీయ విమానాలన్నీ ఆగిపోయాయి. అవి తిరిగి మొదలు కాకముందే 2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం మళ్ళీ అధికారం తీసుకున్నది. కొంతకాలానికి కోల్‌కతా, రంగూన్‌ల మధ్య విమానాలు తిరిగి ఎగిరాయి గాని, రంగూన్ నుంచి మౌల్మీన్‌కు ఉన్న మూడు వందల కిలోమీటర్ల దారి మీద పెద్దామెను పంపడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. అప్ప కొడుకే వద్దన్నాడు. ఇక్కడ మళ్ళీ ఆకాశం కంటె నేల పెద్దదయింది.

2025 మార్చి 28న మధ్య బర్మాలో తీవ్రత 7.7గా నమోదయిన భూకంపం వచ్చింది. సగైంగ్, మాండలే ప్రాంతాలు దెబ్బతిన్నాయి. మౌల్మీన్ దూరాన ఉన్నది. అప్ప క్షేమమని రాత్రికి కబురు వచ్చింది. మరునాడు తెల్లవారేసరికి ఢిల్లీ పక్కనున్న హిండన్ నుంచి మన వైమానిక దళ విమానం పదిహేను టన్నుల సహాయ సామగ్రితో రంగూన్‌కు బయలుదేరింది. అదే మార్చి 29న, విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళానికి చెందిన సాత్పురా, సావిత్రి అనే రెండు నౌకలు బయలుదేరి 31కల్లా రంగూన్ రేవు చేరాయి. 'ఆపరేషన్ బ్రహ్మ' అన్న పేరుతో జరిగిన ఈ సహాయ కార్యక్రమపు దృశ్యాలను వార్తల్లో అందరూ చూశారు.

బర్మా క్యాంపులోని ఇంట్లో కూడా చూశారు. పెద్దామె టెలివిజన్ దగ్గరగా కుర్చీ లాక్కున్నది. రేవులో పెట్టెలు దింపుతున్నారు. వెనుక గోధుమరంగు నది. ఆమె ఆ నదిని గుర్తుపట్టింది, లేదా గుర్తుపట్టాననుకున్నది.

"ఈ ఓడలు మనూర్నించేనా ఎల్లినాయి?"

"మన నేవీవే అమ్మమ్మా."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"మొన్న బయలుదేరి ఈరోజు చేరిపోయాయి."

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నది. తండ్రి చెప్పిన లెక్కకు అది ఒక రోజు తక్కువ. మనుషులను కూడా ఎక్కించుకుంటారేమో కనుక్కోమని అడగబోయి, మనుమడి ముఖం చూసి ఊరుకున్నది. ఆ రాత్రి ఫోనులో అప్ప ఎప్పటిలాగే గంట ఎంతయిందని అడిగింది. తరువాత కెమెరా ముందుకు ఒక చిన్న భరిణె తెచ్చి మూత తీసి చూపించింది. కమ్మలు రెండూ ఉన్నాయి.

పాస్‌పోర్టు ఇనుప పెట్టెలో తండ్రి ప్రయాణ పత్రం పక్కన ఉన్నది. దానికి 2030 జనవరి వరకు గడువున్నది.